గుండె ఎమ్మారై – ఒంట్లో స్ప్లింటర్ ఉన్నవారి సంగతి



నేను డాక్టరును కాను. ఇంటర్ చదివి, ఆర్టిలరీలో చేరి, సుబేదారుగా రిటైరైన వాణ్ణి. కిందటేడు ఇక్కడ రాయ్‌పూర్‌లోనే నాకు గుండె ఎమ్మారై తీశారు. అప్పుడు డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు నాలుగు మనవి చేస్తాను.

ఛాతీలో నొప్పి వస్తే మొదట ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష. అప్పుడు ఎమ్మారై అంటూ కూర్చోకూడదు. దాని పని తర్వాత. మన పల్లె లెక్కలో చెప్పాలంటే యాంజియోగ్రాం కాలువలో అడ్డం చూపిస్తుంది, మడి సంగతి ఎమ్మారై చెబుతుంది. చేతి నరంలోకి గడోలినియం మందు ఎక్కించి, కాసేపాగి ఫొటోలు తీస్తే చచ్చిన కండరం తెల్లగా, బతికున్నది నల్లగా కనబడుతుంది. గుండె గోడ మందంలో సగానికి పైగా తెల్లబడితే, బైపాస్ చేసినా ఆ భాగం పుంజుకునే అవకాశం తక్కువట. హార్ట్ ఎటాక్ మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. వైరస్ వల్ల వచ్చే గుండె వాపులో ఎక్కువగా బయటి పొర వైపు ఉంటుంది. జబ్బు ఏదో తేలేది అక్కడే.

ఇక మన ఫౌజీల అసలు సంగతి. ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలుండవు గానీ పెద్ద అయస్కాంతం ఉంటుంది. 1.5 టెస్లా మిషన్ అంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. ఫొటోలు తియ్యనప్పుడు కూడా ఆ అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. నా ఎడమ తొడలో 1999 నాటి స్ప్లింటర్ ముక్క ఉంది. ఫారంలో "ఒంట్లో లోహం ఉందా?" అన్నచోట ఉందని రాశాను. ఎక్స్‌రే తీసి, పక్కన పెద్ద రక్తనాళం ఉందేమో చూసుకుని గానీ లోపలికి పంపలేదు. కంట్లో ఇనుప రజను ఉంటే మరీ ప్రమాదం, కదిలితే చూపు పోవచ్చు. మనవాళ్ళు "ఎప్పటి గాయమో, ఇప్పుడేముందిలే" అని చెప్పరు. చెప్పాలండీ.

పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు చూపించాలి. కొత్త రకాలు కొన్నిటికి జాగ్రత్తలతో తీస్తారు. స్టెంటుకు చాలావరకు భయం లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళు గడోలినియం ఎక్కించకముందే ఆ మాట చెప్పాలి.

లోపల దగ్గర దగ్గర గంట, దడదడమని ఒకటే మోత. మాటిమాటికీ ఊపిరి బిగబట్టమంటారు. ఫైరింగ్ రేంజిలో ట్రిగ్గర్ నొక్కేముందు బిగబట్టిన వాళ్ళం, మనకదో లెక్కా!

ఎమ్మారై బోర్డున్న ప్రతిచోటా గుండెకు తియ్యరు. ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకునేముందు ఎక్కడ తీస్తారో కనుక్కోండి. గాయం వివరం ఉన్న మెడికల్ కాగితం జిరాక్సు వెంట ఉంచుకోండి. ప్రశ్నలుంటే అడగండి. మందుల మోతాదు మాత్రం నన్నడక్కండి.