రూపాయి విలువ - దాని కాపరులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాస పాఠము)



కోరుకొండ శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి తిరునాళ్ళలో అంగడి పెట్టిన వర్తకుడు నోటు పుచ్చుకొని సరకు ఇచ్చును. ఆ కాగితమునకు స్వతఃసిద్ధమైన విలువ లేదు. రేపు మరియొకచోట అది చెల్లుననెడి నమ్మకమే దాని విలువ. ఆ నమ్మకమును కాపాడువారెవరు? కాపాడవలసినవారు ఏమరినచో నష్టపోవువారెవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. గోదావరి సీమ చరిత్రయే చాలును.

రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమును ఏలిన పదకొండవ శతాబ్దమున తూర్పు చాళుక్యులు వరాహ లాంఛనముగల బంగారు నాణెములను ముద్రించిరి. వారి నాణెములు సముద్రము దాటి అరకాను తీరమునను, సయాము దేశమునను కూడ దొరకినవి. వరహా అను పేరు ఆ వరాహ ముద్రనుండి వచ్చినదే. ఆ నాణెమునకు విలువ అందలి బంగారము వలన కలిగెను. రాజముద్ర తూకమునకు సాక్ష్యము మాత్రమే. బంగారము పోయి వ్రాతయే ధనమైననాడు ఆ వ్రాతను తనిఖీచేయువాడు అవసరమాయెను. అట్టివాడు లేనిచో ఏమగునో ఈ క్రింది చరిత్ర చెప్పును.

1766లో నిజాము ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీ వశము చేసెను. రాజమహేంద్రవరము సర్కారు అందులోనిదే. ఇందుకు ప్రతిగా కంపెనీ ఏటేట నిజామునకు పేష్కషు చెల్లించవలెనని ఒడంబడిక. ఇట్లుండగా 1814లో హైదరాబాదునందు విలియం పామరు కంపెనీ అను వడ్డీవ్యాపార సంస్థ వెలసెను. నిజాము ప్రభుత్వమున అధికారము నెరపిన చందూలాలు సైన్యపు ఖర్చులకై ఆ సంస్థవద్ద అధిక వడ్డీకి అప్పుమీద అప్పు చేసెను. 1820లో 60 లక్షల రూపాయల ఋణమునకు గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు ఆమోదము లభించెను. ఆ సంస్థలో భాగస్వామియైన సర్ విలియం రంబోల్డు ఆ ప్రభువు పోషణలో పెరిగిన కన్యను పెండ్లాడినవాడు! ధనికుని ప్రాబల్యము పరిపాలనలో ఏ ద్వారమున ప్రవేశించునో ఇంతకంటె తేటగా చూపు ఉదాహరణము అరుదు.

రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫు లెక్కలు తిరుగవేసెను. అప్పుగా వ్రాయబడిన మొత్తములో చాల భాగము పాత బాకీయు, వడ్డీయు, బహుమానమును కాని, ఖజానాకు చేరిన రొక్కము కాదని బయటపెట్టెను. తుదకు 1823లో నిజాము ఉత్తర సర్కారుల పేష్కషు హక్కును కంపెనీకి శాశ్వతముగా వదలుకొనగా, ఆ సొమ్ముతో పామరు ఋణము తీర్చబడెను. అనగా గోదావరి తీరపు నేలపై గల రాబడి హక్కు ఒక వడ్డీకొట్టు ఖాతా తీరుటకు ఖర్చుపడినది. ఆ నేల దున్నిన రైతును ఎవరును అడుగలేదు.

రెండవ దెబ్బ చెన్నపట్టణమున తగిలెను. 1906 అక్టోబరులో అర్బత్నాట్ కంపెనీ దివాలా తీయగా, పింఛనుదారులు, గుమాస్తాలు, న్యాయవాదులు, చిన్న వర్తకులు వేలకొలదిగా తమ నిలువలను పోగొట్టుకొనిరి. దాని యజమాని సర్ జార్జి అర్బత్నాట్ చెరసాల పాలయ్యెను. అయినను పోయిన సొమ్ము పూర్తిగా తిరిగి రాలేదు. తమ ధనమును తామే కాపాడుకొనవలెననెడి బుద్ధి అప్పుడు దేశీయులకు కలిగెను. 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టెను. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. వడ్డీవ్యాపారిపై ఆధారపడిన తెలుగు రైతునకు అది తనదని చెప్పుకొనదగిన బ్యాంకు. 1980లో అది జాతీయము చేయబడి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

అయితే బ్యాంకులు ఎన్ని పుట్టినను రూపాయి విలువను నిర్ణయించు అధికారము లండనులోనే ఉండెను. రూపాయికి 16 పెన్నీలా, 18 పెన్నీలా అను వాదము పెద్దది. హిల్టన్ యంగ్ కమిషను 18 పెన్నీలనెను. అందు సభ్యుడైన పురుషోత్తమదాసు ఠాకూరుదాసు మాత్రము విభేదించి 16 చాలుననెను. 1927లో చట్టము 18నే ఖాయపరచెను. ఇందలి మర్మము రైతునకు తెలియవలసినది. విదేశమున ఒక పౌను, అనగా 240 పెన్నీలు, పలికిన పంటకు 16 పెన్నీల లెక్కను 15 రూపాయలు చేతికి వచ్చును. 18 పెన్నీల లెక్కను 13 రూపాయల 5 అణాల 4 దమ్మిడీలే వచ్చును. పంట అదే, చెమట అదే. శిస్తు తగ్గదు, ప్రోనోటు మీది అప్పు తగ్గదు. దీనికి తోడు 1929 తరువాత ప్రపంచమంతట ధరలు కూలి, ధాన్యము వెల సుమారు సగమునకు దిగెను. అప్పు తీర్చుటకు ఒక బస్తా చాలినచోట రెండు బస్తాలు కావలసివచ్చెను. 1938లో మదరాసు ప్రభుత్వము రైతు ఋణవిమోచన చట్టమును చేయవలసివచ్చుటకు ఇదియే నేపథ్యము.

1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పని ప్రారంభించెను. అంతకుముందు నోట్లు వేయుట ప్రభుత్వపు పని. సర్కారు ఖాతాలు ఇంపీరియల్ బ్యాంకు పని. రెండు పనులును ఇప్పుడు ఒక్క చేతికి వచ్చెను. నోట్లు ముద్రించుట, తక్కిన బ్యాంకుల నిలువలలో కొంత తనవద్ద ఉంచుకొనుట, కష్టకాలమున వానికి అప్పిచ్చుట, వడ్డీరేటు ద్వారా ద్రవ్యమును బిగించుట లేక వదలుట దాని విధులు. అయినను సర్కారు పెత్తనము వెంటనే తొలగలేదు. మొదటి గవర్నరు ఆస్‌బోర్న్ స్మిత్ వడ్డీరేటు, మారకపు రేటు విషయమున ఆర్థిక సభ్యునితో సరిపడక 1937లో పదవి వదలెను. 1949 జనవరి 1న ఆ బ్యాంకు జాతీయమయ్యెను.

అర్బత్నాట్ నాటి గాయమునకు మందు చాల ఆలస్యముగా దొరకినది. 1960లో కేరళమున పాలై సెంట్రల్ బ్యాంకు కూలిన పిమ్మట, 1962 జనవరి నుండి డిపాజిట్లకు బీమా ఏర్పడెను. నాడు ఒక్కొక్క ఖాతాదారునకు 1,500 రూపాయల వరకే పూచీ. 2020లో అది 5 లక్షలకు పెంచబడెను.

1991లో విదేశీ ద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రమే మిగిలినప్పుడు, రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారమును విదేశములలో తాకట్టు పెట్టెను. ఇంటి నగ కుదువబెట్టిన గృహస్థునకు ఆ నాటి దేశపు వ్యథ వేరుగ చెప్పనక్కరలేదు. జూలైలో రూపాయి విలువ రెండు పర్యాయములు తగ్గించబడెను. ఆ కాలమున ప్రధానమంత్రి తెలుగువాడైన పి.వి. నరసింహారావుగారు. తరువాత 2003 నుండి 2013 వరకు పదేండ్లు రిజర్వు బ్యాంకు గవర్నరు పదవిలో వరుసగా ఇద్దరు తెలుగువారు, వై.వి. రెడ్డిగారు, ఏలూరులో జన్మించిన దువ్వూరి సుబ్బారావుగారు ఉండిరి. సుబ్బారావుగారు పదవి చేపట్టిన పదిరోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలి, ప్రపంచమంతయు కంపించెను.

తుదకు గ్రామస్థుడు జ్ఞాపకముంచుకొనవలసిన లెక్క ఒకటి కలదు. ధరలు ఏటా 6 వంతులు పెరిగినచో కుండలో దాచిన సొమ్ము సుమారు 12 ఏండ్లలో సగమగును; 4 వంతులైనచో 18 ఏండ్లు పట్టును. దొంగ రాలేదు, తాళము పగులలేదు, సొమ్ము మాత్రము సగమైనది. ఈ కారణముననే 2016లో ధరల పెరుగుదలకు 4 శాతమును గురిగా చట్టరీత్యా నిర్ణయించిరి.

అప్పిచ్చువాడు శత్రువు కాడు. అప్పు లేనిదే విత్తనము లేదు, వర్తకము లేదు. కీడంతయు మూతపెట్టిన లెక్కలోనే కలదు. పామరు కంపెనీ బలము చీకటిలో ఉన్నంతకాలమే నిలిచినది. ఒక్కడు కవిలెకట్ట విప్పగానే కూలినది. కావున ప్రోనోటుపై వ్రేలిముద్ర వేయుటకు ముందు చదువుకొను వాడు, బ్యాంకు పాసుబుక్కును సరిచూచుకొను వాడు, పత్రికలో వడ్డీరేటు వార్తను దాటవేయని వాడు, వీరే రూపాయికి కడపటి కాపరులు. అట్టి కాపరులను తయారుచేయు పనిని ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము చేయుచున్నది. ఆ పని ఇంకను మిగిలియున్నది.