వెలుగు నుంచి రంగం దాకా: కటకట కాలంలో విదేశీ సాయం



బడ్జెట్టు పత్రాలను విద్యార్థుల చేత పాఠ్యపుస్తకంలా చదివించిన మాస్టారి పేరున జరుగుతున్న సభ ఇది. అందుకే బడ్జెట్టులో ఎవరూ పెద్దగా చూడని ఒక పద్దును ఎంచుకున్నాను. మన ప్రభుత్వం పరాయి దేశాలకు ఇచ్చే సాయం అది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనుషులు డయాలసిస్ చుట్టూ తిరుగుతున్నారు. పనుల్లేక మన పల్లెల జనం చెన్నైకీ హైదరాబాదుకీ వలసపోతున్నారు. అలాంటప్పుడు ఢిల్లీ వాళ్లు భూటాన్‌కీ నేపాల్‌కీ డబ్బెందుకివ్వాలి? ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత కాదా ఇది? ఇలా అడిగేవాళ్లను సంకుచితులని కొట్టిపారేయడం తప్పు. వారికి లెక్కతోనే జవాబు చెప్పాలి.

2025-26 కేంద్ర బడ్జెట్టు మొత్తం సుమారు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో విదేశాంగ శాఖ ద్వారా ఇతర దేశాల అభివృద్ధికి కేటాయించింది 5,483 కోట్లు. అంటే వెయ్యి రూపాయల్లో ఒక రూపాయి ఎనిమిది పైసలు. దాంట్లో భూటాన్ వాటాయే 2,150 కోట్లు. ఈ పద్దు మొత్తం కొట్టేసినా దేశం లోటు పూడదు. అయితే మొత్తం చిన్నదన్నది సగం జవాబే. ఆ డబ్బు వెళ్లిన చోట ఏం మిగిలిందన్నది మిగతా సగం. ఆ సంగతి చెప్పడానికి మనకంటే తగినవాళ్లు లేరు, ఎందుకంటే మనం పుచ్చుకున్నవాళ్లం.

2000లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఇచ్చిన 11.1 కోట్ల డాలర్ల మెత్తని రుణంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ పథకం మొదలైంది. ఆ ఆరింటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. అప్పటి పద్ధతి ప్రకారం ఇలాంటి విదేశీ నిధిని కేంద్రం తీసుకుని, మనలాంటి రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా ఇచ్చేది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసుతో 2005 నుంచి అది మారింది. విదేశీ రుణం ఏ షరతులతో వస్తే అవే షరతులతో రాష్ట్రానికి చేరుతోంది. వడ్డీ తక్కువే గాని, రూపాయి విలువ పడిపోతే ఆ భారం రాష్ట్రమే మోయాలి. ఊరికే వచ్చిన డబ్బు ఎక్కడా లేదు.

ఇక ఊళ్లోకి వద్దాం. మహిళా సంఘం, దానిపైన గ్రామ సంఘం, ఆపైన మండల సమాఖ్య. వారం వారం సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఈ పంచసూత్రాలు పాటించిన సంఘానికే పెట్టుబడి నిధి. అది తిరిగి గ్రామ సంఘానికి చేరి, మరో సంఘానికి అప్పుగా వెళ్లేది. పుస్తకాలు సరిగ్గా ఉన్న సంఘాలకు బ్యాంకులు తలుపులు తీశాయి. వెలుగు తరవాత ఇందిరా క్రాంతి పథమైంది. పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, విదేశీ నిధి ఆగింది. సంఘాలు మాత్రం ఆగలేదు. 2011లో వచ్చిన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కు ఈ అనుభవం ఒక మూలం.

సంఘాలన్నీ బంగారమని చెప్పను. పుస్తకాలు సరిగ్గా రాయని చోట్లున్నాయి. 2014 ఎన్నికల నాటి రుణమాఫీ మాటలతో వాయిదాలు కుంటుపడ్డాయి. అయినా దాత వెళ్లిపోయాక నిలిచింది ఏమిటంటే, ఆడవాళ్లు స్వయంగా లెక్క చూసుకునే ఆ అలవాటే.

సాయం ఆపడంలోనూ పద్ధతి ఉంటుంది. 2003 బడ్జెట్టులో మన ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ చిన్న దాత దేశాల సాయం ఇక అక్కర్లేదన్నారు. నడుస్తున్న పథకాలను పూర్తి కానిచ్చారు. 2012 నవంబరులో బ్రిటన్ భారత్‌కు ఆర్థిక సాయాన్ని 2015 నాటికి ఆపుతామంటూ గడువు పెట్టింది. 2025లో అమెరికా తీరు వేరు. జనవరి 20న సాయం స్తంభించింది, జూలై 1 నాటికి ఆ దేశ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాలు అక్కడి విదేశాంగ శాఖలో కలిసిపోయాయి. సాయం అందుకునే ఆసుపత్రుల్లో మందులూ జీతాలూ ఆగాయి. బ్రిటన్ కూడా జాతీయాదాయంలో 0.7 శాతం ఇస్తామని 2015లో చట్టం చేసి, 2021లో 0.5కి తగ్గించింది. 2027 నాటికి 0.3 అంటోంది, ఆ మిగులు రక్షణ ఖర్చుకు. ఇవ్వడం మానడం ఏ దేశానికైనా హక్కే. చెప్పకుండా మానడం మాత్రం అప్పటిదాకా ఇచ్చినదాన్నీ వృథా చేస్తుంది.

ఇప్పుడు మనం ఇచ్చే వైపు చూద్దాం. భూటాన్‌లోని 336 మెగావాట్ల చుఖా జలవిద్యుత్ కేంద్రానికి భారత్ 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు ఇచ్చింది. మిగులు కరెంటు మనమే కొంటున్నాం. భూటాన్ ఖజానాకు రాబడి, మనకు కరెంటు. ఇక మయన్మార్, అంటే అప్పటి బర్మా. రంగూన్ పేరు మీద మన తాతముత్తాతలకు అది రంగం. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి రంగం మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చినవాళ్లు మన జిల్లాలవాళ్లే. 1942లో జపాన్ దాడికి నడిచి వచ్చారు, 1962 తరవాత మళ్లీ తరలి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. 2025 మార్చి 28న మయన్మార్‌లో భూకంపం వస్తే, మర్నాడే భారత విమానం మందులూ గుడారాలూ మోసుకెళ్లింది. అది దానం కాదు, పాత బంధుత్వం.

మాస్టారు ముగింపులో చేయాల్సిన పని చెప్పమనేవారు. మూడు చెప్తాను. కోత తప్పనప్పుడు గడువు చెప్పి కోయాలి. వెళ్లిన సాయం ఏం నిలబెట్టిందో పార్లమెంటులో ఏటా లెక్క అడగాలి. మూడోది మన జిల్లాల పని. మన రాష్ట్ర సంఘాల మహిళలు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా (సీఆర్‌పీలుగా) బిహార్ తదితర రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టడం నేర్పారు. 1964 నుంచి నడుస్తున్న భారత సాంకేతిక సహకార పథకం ఐటెక్ ద్వారా వారిని నేపాల్‌కో ఆఫ్రికా దేశాలకో పంపడానికి కోట్లు అక్కర్లేదు. బడ్జెట్టు బిగిసిన ఏడాదీ ఇవ్వగలిగిన సాయం అది. ఒకప్పుడు పుచ్చుకున్న శ్రీకాకుళం, విజయనగరం వాళ్లే అక్కడికి నేర్పడానికి వెళ్లాలని నా ప్రతిపాదన. దీన్ని మన ప్రజాప్రతినిధుల ముందు పెట్టాలని ఈ సభను కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.