తోరణానికి పనికిరాని ఆకులు

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన భాష, మన పండుగలు, మన పాటలు గురించి మాట్లాడేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. మమ్మల్ని మన పెరటి చెట్లను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము నేర్చుకొన్న తెలుగు సాయంకాలపు తరగతి తెలుగు. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెను.

1860వ సంవత్సరం నవంబరు 16వ తేదీన ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసునుండి కూలీలతో డర్బను రేవు చేరింది. 1911లో ఆ వలస నిలిచిపోయే వరకు ఎన్నో ఓడలు వచ్చాయి. వాటిలో మన తెలుగువారు వేలమంది ఉన్నారు. చెరకు తోటలలో ఒప్పందం తీరిన తరువాత చాలామంది తిరిగి పోలేదు. క్లేర్‌వుడ్, మెర్‌బ్యాంకు, స్ప్రింగ్‌ఫీల్డు వంటి పల్లపు నేలలలో చిన్న మడులు కౌలుకు తీసుకొని కూరగాయలు పండించారు. ఇంటి వెనుక మామిడి, జామ, అరటి, మునగ, కరివేపాకు నాటుకొన్నారు. వారికి అదే ఆస్తి. నేల కౌలుదైనా చెట్టు తమదని అనుకొనేవారు.

మెర్‌బ్యాంకులో మా తాతగారు నాటిన మామిడి చెట్టు అట్టిదే. 1950లో వచ్చిన జాతులవారీ నివాస ప్రాంతాల చట్టం, ఆ తరువాతి నగర పథకాలు మనవారి తోటలను ముక్కలు చేశాయి. మా నేలలో సగం పోయింది. చెట్టున్న ముక్క మాత్రం మాకు మిగిలింది. అదే కాలంలో, 1954లో, మా ప్రాంతానికి ఒక నూనెశుద్ధి కర్మాగారం వచ్చింది. 1960లలో రెండవది వచ్చింది. 1970ల మొదట కాగితపు మిల్లు లేచింది. ఇళ్లకు, పొగగొట్టాలకు మధ్య కొన్నిచోట్ల ఒక వీధి మాత్రమే అడ్డం.

మన ఉగాది ఇక్కడ ఆకురాలు కాలంలో వస్తుందని మీకు తెలుసు. అప్పటికి మామిడికాయలు అయిపోతాయి. మా అవ్వ జనవరిలోనే కాయలు కోసి, ఉప్పు చల్లి, ఒరుగులు ఎండబెట్టి దాచేది. పచ్చడికి అవే ఆధారం. తోరణానికి ఆకులు మాత్రం పండుగ ముందటి సాయంత్రమే కోయాలి. ఆ పని పిల్లలమైన మాది. మేము గంపెడు ఆకులు తెస్తే అవ్వ గుమ్మంలో కూర్చొని ఒక్కొక్కటే ఏరేది. కొసలు మాడినవి ఒక పక్కకు, ఈనెల మధ్య తెల్లబారినవి ఒక పక్కకు, నల్లజిడ్డు అంటినవి ఇంకొక పక్కకు. చివరికి ఒక గుమ్మానికి చాలినన్ని మంచి ఆకులు కూడా మిగిలేవి కావు.

“దిష్టి తగిలిందిరా చెట్టుకు” అని అవ్వ పాత చెప్పు ఒకటి కొమ్మకు కట్టించింది. మా నాయన చూచి ఏమీ అనలేదు. ఆయన ఆ కర్మాగారంలోనే గొట్టాలు బిగించే పని చేసేవారు. ఒకనాడు మేము, “ఇది దిష్టి కాదు నాయనా, పొగ” అన్నాము. “అన్నం పెట్టే చోటును అనరాదు” అన్నారాయన. మా చదువు, మా ఉపాధ్యాయ శిక్షణ, మా చెల్లెలి పెండ్లి అన్నీ ఆ జీతంతోనే జరిగాయి. కనుక మేమూ ఊరకున్నాము. ఈ సభలో కూర్చున్నవారిలో ఇట్టి ఇండ్లవారు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. అందుచేతనే ఈ మాట దాచక చెప్పుచున్నాము.

ఆకుకు ఏమి జరుగుతుందో పిల్లల కోసం చెప్పుకొందాము. ఆకు అడుగున కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. చెట్టు వాటి ద్వారానే గాలి పీల్చుతుంది. ముడినూనెలోను, బొగ్గులోను గంధకం ఉంటుంది. అవి కాలినపుడు గంధకపు వాయువు, అనగా సల్ఫర్ డయాక్సైడు, పుట్టి ఆ రంధ్రాలగుండా లోపలికి పోతుంది. అక్కడి తేమలో కలిసి ఆకుపచ్చని పదార్థాన్ని పాడుచేస్తుంది. అందువలన ఈనెలు పచ్చగా ఉండగానే వాటి మధ్య భాగం తెల్లబారుతుంది. ఇక మసి ఆకుమీద కూర్చొని వెలుతురును అడ్డుకొంటుంది. ఆకు చెడితే చెట్టుకు ఆహారం తగ్గుతుంది, కాయ చిన్నదవుతుంది.

భారతదేశంలో ఈ సంగతి మామిడి రైతులకు చాలాకాలంగా తెలుసు. ఇటుక బట్టీల దగ్గరి తోటలలో కాయ చివర నల్లబడి గట్టిపడే జబ్బు ఒకటి ఉన్నది. దానికి పురుగు కాదు, బట్టీ పొగ కారణమని అక్కడివారు కనుగొన్నారు. పిందె దశలో వెలిగారపు నీళ్లు చల్లడం, బట్టీలను తోటలకు దూరంగా పెట్టడం వారు చెప్పిన మందులు.

అయితే న్యాయం కూడా చెప్పాలి. నల్లగా కనబడినదంతా పొగగొట్టం పని కాదు. తేనెమంచు పురుగు, పిండినల్లి విడిచే తీపి జిగురుమీద నల్లని బూజు పెరుగుతుంది. తడి ఎక్కువైతే కాయలమీద నల్లమచ్చలు వస్తాయి. ఉప్పుగాలికి కూడా ఆకు కొస మాడుతుంది, మనమేమో సముద్రానికి ఆనుకొనే ఉన్నాము. ఇంకొక వింత కూడా ఉన్నది. ఇంగ్లాండులో గంధకపు పొగ ఎక్కువగా ఉన్న పట్టణాలలో గులాబీలకు నల్లమచ్చ తెగులు తక్కువగా ఉండేది. ఆ పొగ బూజును కూడా చంపింది. అందుచేత చెట్టును సాక్షిగా పిలిచేముందు దాని మాట సరిగా వినడం నేర్చుకోవాలి.

మన ప్రాంతానికి ఒక కష్టం అదనంగా ఉన్నది. సముద్రం పక్క బ్లఫ్ గుట్ట, ఇటు బెరియా గుట్ట, నడుమ మనము. చలికాలపు తెల్లవారుజామున చల్లగాలి నేలమీద పరచుకొంటుంది. దానిమీద వెచ్చని గాలి మూతవలె నిలుస్తుంది. పొగ పైకి పోలేక ఇండ్లమధ్యనే తిరుగుతుంది. ఇక్కడ మామిడి పూతకు వచ్చేది కూడా చలికాలం చివరనే. లేత పూతకు, చిక్కని పొగకు ఒకే కాలం వచ్చింది. మన పెద్దలు కొందరు బయలుదేరిన విశాఖ ప్రాంతంలోను ఇటువంటి కథే ఉన్నది. కొండల నడుమ గిన్నెవంటి ఆ ఊరికి 1957లో నూనెశుద్ధి కర్మాగారం వచ్చింది.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. మేము ముప్పై ఏండ్లకు పైగా బడిలో హాజరు పిలిచాము. చలికాలంలో ఏ పిల్లలు మానేవారో మాకు తెలుసు. ఆయాసంతో రాత్రి నిద్రలేక, ఉదయం బల్లమీద తల పెట్టుకొనేవారు. కొందరిని సోమరులని కూడా కోప్పడ్డాము. పెరట్లో ఆకును చూచి పొగ అన్న మేము, బడిలో పిల్లవాణ్ణి చూచి ఆ మాట అనలేదు. ఆ తరువాత మెర్‌బ్యాంకులోని సెట్లర్స్ ప్రాథమిక పాఠశాలలో విశ్వవిద్యాలయపు వైద్యులు పరీక్షించగా, చూచిన పిల్లలలో సుమారు సగంమందికి ఉబ్బసం ఉన్నట్లు తేలింది. అది చదివిన రాత్రి మా పాత హాజరు పట్టీలు గుర్తుకు వచ్చాయి.

1990లలో మన వీధులవారు, పక్కనున్న వెంట్‌వర్తువారు, బ్లఫ్‌వారు జాతిభేదం లేకుండా కలిసి నిలబడ్డారు. తరువాత బకెట్లలో అమర్చిన సంచులతో గాలిని పట్టి పరీక్షలకు పంపారు. 1996 రాజ్యాంగం 24వ విభాగంలో ఆరోగ్యానికి హానిచేయని పరిసరాలు ప్రతివారి హక్కు అని వ్రాశారు. 1965 నాటి పాత చట్టం స్థానంలో 2004లో కొత్త గాలి చట్టం వచ్చింది. 2009లో హద్దులు నిర్ణయించారు. గంధకపు వాయువు సంవత్సరపు సగటున ఘనమీటరు గాలిలో 50 మైక్రోగ్రాములు మించరాదు. పైర్లకు 30, అడవి చెట్లకు 20, రాతిపాచికి 10 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఐరోపా శాఖ 2000లో చెప్పింది. అనగా మనుషులకు చాలునన్న గాలి చెట్టుకు చాలకపోవచ్చును. మా అవ్వ ఏరి పారవేసిన ఆకులు ఏ యంత్రమూ లేని రోజులలోనే ఆ లెక్క చెప్పాయి. మేము వినలేదు.

2020 డిసెంబరులో మొదటి కర్మాగారంలో పెద్ద ప్రమాదం జరిగి, అక్కడ శుద్ధి పని ఆగిపోయింది. 2022లో రెండవది కూడా ఆగింది. గాలి బాగుపడుతుందని సంతోషించాము. అదే వారంలో పని పోయిన కుటుంబాలవారు మా గుమ్మంలోకి వచ్చి కన్నీరు పెట్టుకొన్నారు. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే అది మా నాయనకు ద్రోహం అవుతుంది. మిల్లులు, రేవు లారీల పొగ ఇంకా ఉన్నవి గనుక పని పూర్తి కాలేదు.

మా ఇంటిలో ఒక తగాదా నడుస్తున్నది. పిల్లలు ముసలి మామిడిని కొట్టించి అక్కడ ఒక గది వేద్దామంటున్నారు. “కాయ లేని చెట్టు ఎందుకు?” అని వారి ప్రశ్న. అది తప్పు ప్రశ్న కాదు. మేము రెండు పూతల గడువు అడిగాము. పూత వచ్చిన తేది, నిలిచిన పిందెలు, ఆకుల తీరు ఒక నోటుపుస్తకంలో మనుమరాలు వ్రాస్తున్నది, తెలుగులోనే. చెట్టు కోలుకొంటే నిలుస్తుంది. లేకుంటే అంటు కట్టి, కొత్త మొక్కను పక్కన నాటి, అప్పుడు గొడ్డలి పెట్టుదాము.

తమకు మా మనవి మూడు మాటలు. ప్రతి ఇంటివారు తమ పెరటి చెట్టును గురించి అట్టి పుస్తకం ఒకటి ఉంచండి. పెరటి కరివేపాకు, మునగాకు రెండు మూడు నీళ్లలో కడిగి వండండి. గాలి చెడిన రోజున తేది, వేళ, వాసన వ్రాసి నగరపాలకులకు ఫిర్యాదు చేయండి. మావలె ఊరకుండకండి.

ఈ ఉగాదికి కూడా గంపెడు ఆకులు కోశాము. ఏరగా ముందు గుమ్మానికి సరిపోయాయి. పెరటి గుమ్మానికి ఆకులు చాలలేదు. వచ్చే సంవత్సరం ఎన్ని మిగిలాయో ఈ సభలోనే చెప్పుకొందాము.