అధ్యక్షోపన్యాసం: పద్యం, సినిమా, లెక్క – యూరీ లోట్‌మన్ కృషి

సాహిత్య పండితుడు యూరీ లోట్‌మన్ 1922లో పెట్రోగ్రాడ్‌లో (తర్వాతి లెనిన్‌గ్రాడ్) ఒక యూదు కుటుంబంలో జన్మించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫిరంగిదళంలో టెలిఫోన్ సంబంధాలు చూసే సైనికుడిగా పనిచేసి, 1950లో లెనిన్‌గ్రాడ్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించారు. యూదుల మీద అప్పట్లో సాగిన వివక్ష వల్ల సొంత ఊళ్లో ఉద్యోగం దొరకక ఎస్తోనియాలోని తార్తుకు వెళ్లారు. సాహిత్యాన్నీ గణితాన్నీ కలిపి చదివే పనికి ఆ చిన్న ఊరే ఆశ్రయమైంది. 1964లో వెలువడిన ఆయన నిర్మాణాత్మక కావ్యశాస్త్ర ఉపన్యాసాలతోనే సంకేత వ్యవస్థల మీద తార్తు విశ్వవిద్యాలయం ప్రచురించే సంపుటాలు మొదలయ్యాయి.

పద్యాన్ని లెక్కించడం రష్యాకు కొత్త కాదు. కవి ఆంద్రేయ్ బేలీ 1910లోనే పాదాల్లో ఊనికలను లెక్కించారు. 1913లో గణితవేత్త మార్కొవ్ కవి పుష్కిన్ పద్యనవల ‘యెవ్గేనీ అనేగిన్’లోంచి 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చులూ హల్లులూ ఒకదాని వెంట ఒకటి వచ్చే తీరును చేత్తోనే లెక్కకట్టారు.

1960లలో మరో గణితవేత్త కొల్మగోరవ్ భాష శక్తిని రెండుగా విడదీశారు. నిర్ణీతమైన పొడవులో ఎంత అర్థం చెప్పగలమన్నది ఒకటి, అదే అర్థాన్ని ఎన్ని విధాలుగా చెప్పగలమన్నది రెండోది. ఛందస్సు, అంత్యప్రాస ఈ రెండో శక్తిని ఖర్చుచేస్తాయి. ఖర్చు నిల్వను మించితే పద్యం సాధ్యపడదు. యతిప్రాసల కోసం పర్యాయపదాలు వెతుక్కున్న తెలుగు పద్యకవికి ఇది అనుభవంలో ఉన్న సంగతే. లోట్‌మన్ దీన్ని పాఠకుడి వైపు నుంచి చూశారు. రాసేవారికి పర్యాయపదాలు ఉంటాయి గానీ చదివేవారికి ఉండవు, పద్యంలో ఏ మాట మార్చినా అర్థం మారిపోతుంది కనుక. అందుకే నియమాలు బిగిసినకొద్దీ పద్యం మోసే సమాచారం పెరుగుతుంది. ఆయన కృషిలో అన్నిటికన్నా విలువైన ఆలోచన ఇదే.

రావలసినది రాకపోవడమూ ఒక ప్రయోగమేనని ఆయన చూపారు. పాఠకుడు అంత్యప్రాస కోసం ఎదురుచూసే చోట అది లేకపోతే ఆ లేమికీ అర్థం ఉంటుంది. కంప్యూటర్‌తో సాహిత్యం చదివేవారికి గట్టి సవాలు ఇక్కడే ఉంది. ఆయన భార్య జారా మింత్స్ 1967లో సహచరులతో కలిసి కవి బ్లోక్ ‘సుందరాంగన’ కవితలకు పదాల ఆవృత్తి నిఘంటువు కూర్చారు. అలాంటి పట్టిక ఉన్న పదాలనే చెబుతుంది. రాని పదాన్ని పట్టుకోవాలంటే ఆ కాలపు కవిత్వమంతా ఎదుట ఉండాలి.

1973లో తాలిన్‌లో వెలువడిన లోట్‌మన్ సినిమా గ్రంథంలోనూ, ఉన్నదాన్ని ఎదురుచూసినదానితో పోల్చి చదివే ఇదే చూపు కనిపిస్తుంది. తెర నిండా ముఖం కనిపిస్తే ప్రేక్షకుడు ఆ మనిషి రాక్షసుడంత ఉన్నాడనుకోడు. అంతకుముందరి దూరపు షాట్‌తో పోల్చుకుని, దర్శకుడు దేన్ని నొక్కిచెబుతున్నాడో గ్రహిస్తాడు. 1980ల చివర్లో ఎస్తోనియా టెలివిజన్‌లో రష్యన్ సంస్కృతి మీద ప్రసంగించి, మాధ్యమాన్ని విశ్లేషించిన పండితుడు తానే అందులోకి వచ్చారు.

లోట్‌మన్ 1993లో తార్తులో మరణించారు. రానిదాన్ని కూడా చదివే ఆయన పద్ధతికి కావలసిన నేపథ్యం తర్వాత సమకూరింది. రష్యన్ జాతీయ భాషా భాండాగారంలోని కవితా విభాగంలో పద్యాలకు ఛందస్సు, అంత్యప్రాస వివరాలు జోడించి ఉన్నాయి. ఒక తరం కవులు ఏ ఛందస్సును ఎంతగా వాడారో, ఏ కవి దాన్ని ఎక్కడ వదిలేశాడో ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడవచ్చు.