వెన్నుపాము గాయాలు – దాంపత్య జీవితం

వెన్నెముక దెబ్బతిని కాళ్ళు పడిపోయిన మనిషి వైద్యుణ్ణి మొదట అడిగే ప్రశ్న "మళ్ళీ నడవగలనా?" అన్నది. దాని వెనుకనే మరొక ప్రశ్న వుంటుంది గాని అది పెదవి దాటి రాదు. రోగి సిగ్గుపడతాడు, భార్య తల వంచుకుంటుంది, వైద్యుడు, వారు అడుగలేదు గదా అని ఊరుకుంటాడు. దాంపత్య సుఖానికి, సంతానానికి సంబంధించిన ఆ ప్రశ్నను గురించి శాస్త్రజ్ఞులు ఇంతవరకు ఏమి తెలుసుకున్నారో శ్రోతలకు మనవి చేయాలని మా ఉద్దేశం. ఇంటిల్లిపాదీ వినే రేడియోలో ఇట్టి విషయం తగునా అని శంకించే పెద్దలు వుండవచ్చు. తాటిచెట్టు మీద నుంచి, మోటారు సైకిలు మీద నుంచి పడేవారు ఆ ఇంటిల్లిపాదిలోనివారే గనుక తగుననే మేము భావిస్తున్నాము.

ఈ ప్రశ్న పుట్టాలంటే ముందు మనిషి బ్రతకాలి. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుపాము తెగిన సైనికులలో అత్యధికులు ఒరుపుపుండ్ల వల్లనో, మూత్రాశయం చెడిపోవడం వల్లనో మరణించారు. నాజీ జర్మనీని విడిచి 1939లో ఇంగ్లండు చేరిన లుడ్విగ్ గుట్‌మన్ అనే నాడీవైద్యుడు 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఇట్టివారికై ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించాడు. రాత్రింబగళ్ళు రెండు గంటలకొకసారి రోగిని ప్రక్కకు త్రిప్పించడం, మూత్రాశయాన్ని శుద్ధంగా వుంచడం – ఇంతే ఆయన బ్రహ్మాస్త్రం. 1948లో 16 మంది రోగులచేత ఆయన ఆడించిన విలువిద్య పోటీయే క్రమంగా పారాలింపిక్ క్రీడలయినది. మనుషులు బ్రతికారు, బాణాలు వేశారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. అప్పుడు ఆ ప్రశ్న తప్పించుకోరానిదయినది.

వెన్నుపాము తెగినంత మాత్రాన లైంగిక శక్తి అంతా నశిస్తుందని లోకం నమ్మకం. అది సరికాదు. పురుషునిలో అంగస్తంభనకు రెండు మార్గాలున్నవి. వెన్నుపాము నడిమి భాగపు చివర నుంచి బయలుదేరే నాడులు మనస్సులోని కోరికకు స్పందిస్తాయి. అట్టడుగున వున్న త్రికాస్థి విభాగపు నాడులు స్పర్శకు స్పందిస్తాయి. ఈ రెండవది మెదడు ఆజ్ఞ కోసం వేచి వుండదు. మా వృత్తిలోని ఉపమానం చెప్పాలంటే, ఢిల్లీ నుంచి వచ్చే రిలే తెగిపోయినా స్థానిక కేంద్రం తన కార్యక్రమాన్ని తాను ప్రసారం చేసుకున్నట్లు. ఎర్నెస్ట్ బోర్స్, ఎస్టిన్ కొమార్ అనే అమెరికన్ వైద్యులు 529 మంది రోగులను పరిశీలించి 1960లో వెలువరించిన వ్యాసం ఈ విషయాన్ని స్థిరపరచినది. వెన్నుపాము పైభాగంలో పూర్తిగా తెగి, అడుగు కేంద్రం చెడకుండా వున్నవారిలో నూటికి తొంభై మందికి పైగా ఆ స్పర్శ స్పందన నిలిచే వున్నది. అయితే వీర్యస్ఖలనం అంత సులభంగా నిలువదు. అందుచేత గాయం ఏ ఎత్తున తగిలినది, ఎంత లోతున తగిలినది అన్నది చూడకుండా "ఇక నీకు సంసారం లేదు" అనడం వైద్యం కాదు.

ఆ తరువాత కథలో జైల్స్ బ్రిండ్లీ అనే ఆంగ్లేయ శరీరశాస్త్రవేత్తది పెద్ద పాత్ర. కంపన యంత్రంతోను, విద్యుత్ ప్రేరణతోను వీర్యాన్ని రాబట్టి ఇట్టివారు తండ్రులయ్యే పద్ధతులను ఆయన 1981లో వివరించాడు. 1983లో అమెరికాలోని లాస్ వేగస్‌లో మూత్రాంగ వైద్యుల సభకు వెళ్ళి, రక్తనాళాలను వదులుచేసే మందును తనకు తానే సూదితో ఎక్కించుకొని, ఫలితాన్ని వేదిక మీదనే నిరూపించాడు. సభామర్యాద ఏమయినదో శ్రోతల ఊహకు వదలుతున్నాము. కాని శాస్త్రం ముందడుగు వేసినది. 1998లో సిల్డెనఫిల్ బిళ్ళలు వచ్చిన తరువాత సూది అవసరం చాలామందికి తగ్గినది.

ఇంతవరకు చెప్పినదంతా పురుషుల మాటే అని స్త్రీ శ్రోతలు గమనించే వుంటారు. పరిశోధన కూడా అట్లాగే నడిచినది. స్త్రీకి ఋతుక్రమం కొద్ది నెలలలో తిరిగి వస్తుంది, గర్భం నిలుస్తుంది గనుక ఆమెకు లోటేమున్నదని వైద్యలోకం అనుకున్నది. వెన్నుపాము పూర్తిగా తెగిన స్త్రీలలో కొందరు, తమకు రతిసుఖం తెలుస్తూనే వున్నదని చెప్పినప్పుడు, అది భ్రమ అని కొట్టివేసినవారున్నారు. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన బారీ కొమిసారుక్, బెవర్లీ విపుల్ అనే పరిశోధకులు ఆ స్త్రీల మాటను నమ్మి పరీక్షించారు. గర్భాశయ ముఖం నుంచి వేగస్ అనే నాడి వెన్నుపాములో ప్రవేశించకుండానే మెదడును చేరుతుందని, వారి మెదడు చిత్రాలు తీసి 2004లో చూపారు. పరీక్షకు వచ్చిన స్త్రీలు కొద్దిమందే గనుక దీనిని చివరి మాట అనలేము. మార్కా సిప్‌స్కీ బృందం 2001లో వెలువరించిన పరిశోధనలో 66 మంది గాయపడిన స్త్రీలలో సగానికి లోపుగానే ఆ సుఖపు పరాకాష్ఠను పొందగలిగారు. త్రికాస్థి విభాగపు స్పందన పూర్తిగా నశించినవారిలో నూటికి 17 మంది, తక్కినవారిలో 59 మంది. దారి వేగస్ అయినా త్రికాస్థి విభాగమయినా, ఆ స్త్రీలు చెప్పినది భ్రమ కాదని మాత్రం తేలిపోయినది.

మరి రోగులకు ఇది ఎంత ముఖ్యం? కిమ్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞురాలు, తానే వెన్నుపాము గాయంతో చక్రాల కుర్చీలో తిరిగే మనిషి, 681 మందిని అడిగి 2004లో జవాబులను ప్రకటించినది. నాలుగు అవయవాలు పడిపోయినవారు మొదట చేతులు రావాలన్నారు. కాళ్ళు మాత్రమే పడిపోయినవారు మొదట కోరినది నడక కాదు, లైంగిక శక్తి. ఈ జవాబు చూచి ఆశ్చర్యపోయినవారు వున్నారంటే, అంతవరకు ఎవరూ అడుగలేదన్న మాట.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, ముఖ్యంగా స్త్రీలకు, లైంగిక, ప్రజనన ఆరోగ్య సేవలను ప్రభుత్వం కల్పించవలసిన వైద్యంలో చేర్చినది. చట్టంలో మాట వున్నది గాని, వార్డులో ఆ మాటను ముందుగా ఎత్తవలసినవాడు వైద్యుడే. "దీనిని గురించి అడుగవచ్చును" అనే అనుమతి రోగికి ఇవ్వడమే చికిత్సలో తొలిమెట్టని జాక్ ఆనన్ అనే మనస్తత్వవేత్త 1976లోనే చెప్పాడు.

ఇంటివారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు రెండు మూడున్నవి. రొమ్ము ఎముక ఎత్తుకు పైన గాయం తగిలినవారికి కలయిక సమయంలో అకస్మాత్తుగా తలనొప్పి, ముఖాన చెమట, రక్తపు పోటు రావచ్చును. వెంటనే ఆపి, రోగిని కూర్చోబెట్టి, మూత్రాశయం నిండి వున్నదేమో చూచి, తగ్గకపోతే వైద్యుణ్ణి పిలువవలెను. సిల్డెనఫిల్ బిళ్ళ వేసుకొని వుంటే ఆ మాట తప్పక చెప్పవలెను. ఆ పోటుకు ఇచ్చే నైట్రేట్ మందులతో అది కలిస్తే ప్రాణాపాయం. గర్భం ధరించిన స్త్రీకి నొప్పులు తెలియకనే కాన్పు మొదలు కావచ్చును గనుక, తన గాయం సంగతి కాన్పు చేసే వైద్యురాలికి నెలలు నిండకముందే తెలియజేయవలెను.