ముగ్గురాయి ఊరిలో అక్షరాల ముచ్చట

(మంగంపేటలో ఆదివాసీ యువతతో మాట్లాడిన మాటల పాఠం)



మంగంపేటకొచ్చి గనుల గురించి మాట్లాడకుండా అక్షరాల గురించి మాట్లాడటమేంది అని పొద్దున ఒకరు అడిగారు. గనుల మాట ఇంకో రోజు పెట్టుకుందాం. అయినా ఒకటి చూడండి. ఇక్కడ తవ్వే ముగ్గురాయి ఎక్కువ భాగం చమురు బావుల పనికి పోతుంది. కొంత పెయింట్లలో కలుస్తుంది. మీ ఊరి బోర్డు మీద తెల్లగా కనిపించే పేరులో ఈ నేల పొడి ఉన్నా ఉండొచ్చు. మరి ఆ పేరు రాసిన అక్షరాలకు ఆ ఆకారం ఎవరిచ్చారు? ఏ పనిముట్టుతో, ఎవరి అవసరం కోసం? అక్షరాల చరిత్ర చదవడమంటే ఈ ప్రశ్న అడగడమే.

మొదలు మన పాత ఉమ్మడి జిల్లాలోనే ఉంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ. అక్కడి గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిదని చెబుతారు. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో అది ముఖ్యమైనది. వేయించింది రాజు, నిజమే. కానీ రాతిమీద ఆ గీతలు దింపింది ఉలి పట్టిన చెయ్యి. ఆ అక్షరాలు చూస్తే ఇప్పటి తెలుగులా ఉండవు. తెలుగూ కన్నడమూ ఇంకా విడిపోని నాటి లిపి అది.

ఇక తాటాకు, గంటం సంగతి. ఆకు ఈనెల వెంబడి గంటంతో అడ్డగీత గట్టిగా లాగితే ఆకు చీలుతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రమయ్యాయి అని చాలామంది రాశారు. అందులో కొంత నిజముంది. కానీ ఒక్క ఆకు మీదే మొత్తం భారం వేయలేం. రాతి శాసనాల్లో కూడా గుండ్రదనం కాలక్రమంలో పెరుగుతూ వచ్చింది. పనిముట్టూ చెయ్యీ అలవాటూ కలిసి చేసిన పని అది.

అచ్చు సంగతి ఇంకా విచిత్రం. తెలుగు పుస్తకాలు మొదట అచ్చయింది ఇక్కడ కాదు, జర్మనీలోని హాలె పట్టణంలో. 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తన మతబోధ కోసం వేయించాడు. ఆ తర్వాత బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ప్రెస్. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో అక్కడే వచ్చింది. మనకు ఈ పేర్లే చెబుతారు. నేను చెప్పదలచుకున్న పేరు ఇంకొకటి: పంచానన్ కర్మకార్. కర్మకార్ అంటే కమ్మరి. 1778లో బెంగాలీ అచ్చు అక్షరాల తయారీలో చార్లెస్ విల్కిన్స్‌తో కలిసి పనిచేసినవాడు, తర్వాత శ్రీరాంపూర్‌లో చేరాడు. ఆయన పోయాక అల్లుడు మనోహర్ ఆ పని నడిపాడు.

ఆ పని ఎట్లా ఉండేదో చెప్తా వినండి. ఉక్కు కడ్డీ కొనమీద అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి ముక్కమీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో సీసం మిశ్రమం కరిగించి పోస్తే అచ్చు అక్షరం. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపితే రెట్టింపు. తెలుగుకు గుణింతాలూ వత్తులూ కలిపి వందల ముక్కలు కావాలి. వత్తు కింద వేలాడుతుంది కాబట్టి వరసకూ వరసకూ మధ్య జాగా ఎక్కువ వదలాలి. అంటే కాగితం ఎక్కువ, ఖర్చు ఎక్కువ. ఇంత ఖర్చు ఎవరు పెడతారు? మిషనరీ పెట్టాడు, కుంపిణీ పెట్టింది. వాళ్ళకు ఎవరి భాష అవసరమైతే ఆ భాషకే సీసం కరిగింది. సుగాలి తండాకు, ఎరుకల గుడిసెకు ఆ కొలిమి రాలేదు.

ఇప్పుడు కంప్యూటర్ కాలం. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక. నంబరు ఉంటేనే ఫోనులో ఆ అక్షరం ఉన్నట్టు లెక్క. తెలుగుకు 1991లో మొదటి విడతలోనే చోటు దొరికింది. ‘ఴ’ అని పాత శాసనాల్లో ఒక అక్షరముంది, చోళ అనే పేరు దాంతోనే రాసేవాళ్ళు. వాడకం పోయి వెయ్యేళ్ళు దాటినా 2014లో దానికీ నంబరు ఇచ్చారు. (ఇది చదువుతుంటే మీ ఫోనులో అక్కడ ఖాళీ డబ్బా కనిపిస్తే, నంబరుంది గానీ మీ ఫాంటులో బొమ్మ లేదని అర్థం.)

మరి గోండీ? ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో చేతిరాత ప్రతులు దొరికాయి, అప్పటికి ఆ లిపి చదవగల పెద్దలు ఊళ్ళోనే ఉండేవాళ్ళు. గుంజాల గోండీకి యూనికోడ్‌లో చోటు 2018లో వచ్చింది. మున్షీ మంగల్ సింగ్ మసారం 1918లో రూపొందించిన మరో గోండీ లిపికి 2017లో. అంటే సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ళు. బతికున్న మనుషుల లిపి, చచ్చిపోయిన అక్షరం పక్కన అదే వరుసలో నిలబడింది. నాకు దీనిమీద కోపముంది, దాచుకోను. కానీ దరఖాస్తులు పెట్టి, పెద్దల దగ్గర కూర్చుని, ఒక్కో అక్షరం గీసి సాధించినవాళ్ళ మీద గౌరవం అంతకంటే ఎక్కువ.

మన సుగాలి మాటలు ఇక్కడ తెలుగులో, కర్ణాటకలో కన్నడంలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. అదే పాట, ఒకరు రాసింది ఇంకొకరు చదవలేరు. కొత్త లిపి కావాలా వద్దా అనేది తండాలు తేల్చుకోవాల్సిన మాట. నా మటుకు నాకు, ఉన్న తెలుగు అక్షరాలకు మన ధ్వనుల కోసం ఒకట్రెండు గుర్తులు చేర్చుకోవడం తొందరగా అయ్యే పని అనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్ళు వాదించండి.

చేతిలో ఉన్న పని ఒకటి చెప్తా. కరపత్రాలూ అర్జీలూ డీటీపీ సెంటర్లో టైపు చేయిస్తారు గదా. చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే వాడతారు. అవి కాగితం మీద అందంగా ఉంటాయి. అదే ఫైలు ఫోనులో తెరిస్తే పిచ్చి గుర్తులు. పదేళ్ళ తర్వాత మీ ఊరి పేరు వెతికితే ఆ అర్జీ దొరకదు. యూనికోడ్‌లో కొట్టమని అడగండి. మండలి, రామభద్ర, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, ధూర్జటి పేర్లతోనూ ఉన్నాయి. ఒక చెంచు పెద్ద పేరుతో, ఒక యానాది అవ్వ పేరుతో ఫాంటు గీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కావలసిన సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా దొరుకుతుంది. ఓపిక మాత్రం కమ్మరిదే కావాలి.

ఈ చుట్టుపక్కల ఫ్లెక్సీలు రాకముందు గోడలమీద బ్రష్షుతో రాసిన పేర్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. కొట్టు బోర్డులు, బడి గోడలు, పాత లారీల వెనక పలకలు. ఒక్కో పెయింటర్ తలకట్టు ఒక్కో తీరుగా తిప్పుతాడు. వచ్చే ఆదివారం మీరు నలుగురు కలిసి వాటిని ఫోటోలు తీయండి. ఊరు పేరు, తేదీ, రాసినాయన బతికుంటే ఆయన ఏ బ్రష్షు వాడాడో అడిగి పక్కన రాసుకోండి. సున్నం కొట్టేస్తే మళ్ళీ దొరకవు.