పరదేశికి చట్టమున్నదా?



అమీర్‌పేట, పంజాగుట్టలలో నివసించు మనము ఊరు విడిచి వచ్చినవారిని నిత్యము చూచుచున్నాము. మన వీధులలోని హాస్టళ్లు వారితో నిండియున్నవి. అయితే వారు పండుగకు ఇంటికి వెళ్లగలరు. శరణార్థికి ఆ దారి మూసుకొనిపోయినది.

ఈ దుఃఖము తెలుగువారికి కొత్త కాదు. 1942లో జపాను సేనలకు వెరచి మనవారు బర్మా నుండి అడవుల వెంట నడచి వచ్చిరి. 1964లో అక్కడి సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మరల ఓడలెక్కిరి. వారు భారతీయులు గనుక దేశము చేర్చుకొన్నది.

అదే బర్మా నుండి వచ్చిన రోహింగ్యాలు నేడు మన నగర శివారున, బాలాపూర్‌లో ఉన్నారు. ప్రాణభయముతో వచ్చినవానిని ఆ భయములోనికే తిరిగి పంపరాదనునది 1951 శరణార్థుల ఒడంబడికకు మూలము. మన దేశము దానిపై సంతకము చేయలేదు. ఐక్యరాజ్యసమితి కార్డు చేతనున్నను, మన చట్టమునకు వారు విదేశీయులే. పౌరుడు కానివానికిని ప్రాణరక్షణ హక్కు కలదని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 2021లో మాత్రము, విధానము ప్రకారము రోహింగ్యాలను పంపివేయుటను ఆపలేదు.

మోషే ధర్మశాస్త్రములో ఆరు ఆశ్రయపురములు కలవు. పరదేశికి సహితము వాటి ద్వారము తెరువబడినది ఎవరి దయవలననో కాదు, ధర్మమువలన. అట్టి చట్టము మనకును కావలెను. అది వచ్చువరకు వారి బిడ్డకు బడి, రోగికి ఆసుపత్రి చూపుట సంఘముగా మన పని.

శిశువైన యేసుతో మరియ, యోసేపులు ఐగుప్తు చేరిననాడు ఎవరో ఒకరు తలుపు తీసియుందురు గదా!